పరీక్షకు రెండు రోజుల ముందు

నా పాదాలు నాకు కనిపిస్తాయి గానీ తెలియవు. మంచం దిగేటప్పుడు ముందు నేలను చూసుకోవాలి, పాదం ఆనిందో లేదో చూసుకోవాలి, ఆ తర్వాతే లేవాలి. కరెంటు పోతే నిలబడ్డ చోటే నిలబడిపోతాను. ఇంతకంటే దిగజారదని డాక్టరు చెప్పాడు. బాగుపడుతుందా అని అడిగితే మాత్రం కాగితాల వైపు చూశాడు.

దిగజారడం ఆగింది కాబట్టి, కూర్చుని రాసే ఓపిక వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఎవరికైనా పనికొస్తే మంచిదే. రాకపోయినా కడుపులో ఉన్నది బయట పడుతుంది. ఎలాగూ నా కడుపును కోసి చిన్నది చేశారు, అందులో దాచుకోవడానికి పెద్దగా చోటు లేదు.

మాది కళ్యాణదుర్గం. బజారులో కిరాణా అంగడి. మా మామ పెట్టిన అంగడి, ఆయన పోయాక మా ఆయన చూసుకుంటున్నాడు. ఇంట్లో నేను, ఆయన, మా అత్త, అంతే. నా పేరు పద్మ. ఒకప్పుడు బజారులో నన్ను పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, "లావు పద్మక్క" అంటేనే గుర్తుపట్టేవాళ్ళు.

ఆపరేషన్‌కు ముందు

నూట పద్దెనిమిది కిలోలు. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ లేదు. అంగట్లో బస్తాలు తూచే కాటా మీద నిలబడ్డాను, మధ్యాహ్నం షట్టరు సగం దించి. అయినా హమాలీ ఓబులేసు చూడనే చూశాడు. "అక్కా, రెండు మూటల శెనక్కాయలకు పైనే తూగుతాండావే" అన్నాడు. నేను నవ్వాను. లావుగా ఉన్నప్పుడు ముందు మనమే నవ్వేయాలి, లేకపోతే ఎదుటివాళ్ళు ఇంకా ఎక్కువ నవ్వుతారు.

మోకాళ్ళు పోయాయి, షుగరు వచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బంధువుల పెళ్ళిలో ప్లాస్టిక్ కుర్చీ విరిగి అందరి ముందు కింద పడ్డాను. ఆ రోజు ఇంటికి వచ్చి ఆపరేషన్ చేయించుకుంటానని నేనే అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. ఇది ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరి మీదా నెపం వేయకుండా.

బెంగళూరులో చేయించుకున్నాం. పొట్టను కోసి చిన్న సంచిలా కుట్టి, పేగును తెచ్చి దానికి అతికిస్తారు. డాక్టరు వచ్చీరాని తెలుగులో చెప్పాడు: "ఆపరేషన్ సగం పనే. ఇంకో సగం మీ రక్తపరీక్షలు. మీరు తిన్నది ఇక ముందులా ఒంటికి పట్టదు. మూడో నెల, ఆరో నెల, సంవత్సరానికి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, ఏడాదికి ఒకసారి. నొప్పి లేకపోయినా చేయించాలి. నొప్పి వచ్చాక చేయిస్తే ఆలస్యం."

మా ఆయన తల ఊపాడు. నేనూ ఊపాను. సరుకు దించిన కంపెనీవాడు షరతులు చదువుతుంటే అంగట్లో ఊపుతామే, అలాగే.

మూడో నెల, ఆరో నెల

పరీక్షలు అనంతపురంలో చేయించి రిపోర్టు పట్టుకుని బెంగళూరు పోవాలి. పరగడుపున రక్తం ఇవ్వాలి కాబట్టి మొదటి బస్సుకే బయల్దేరాను. ల్యాబులో బెంచీ మీద కూర్చునేసరికి కళ్ళు తిరిగాయి. గుక్కెడు నీళ్ళకు కూడా తిరగబడే పొట్ట అది అప్పట్లో. రక్తం తీసే అమ్మాయి, మంజుల, నన్ను ఫ్యాను కిందికి మార్చింది. రక్తం తీశాక తన టిఫిన్ డబ్బా తెరిచి రెండు చెంచాల ఉప్మా పెట్టింది. "నిదానంగా తినమ్మా, ఎవరూ తరమడం ల్యా" అంది. ఈ కథ మొత్తంలో ఏ తప్పూ లేని మనిషి ఆ పిల్ల ఒక్కతే.

రిపోర్టులో కొన్ని అంకెలు లావుగా అచ్చయి ఉన్నాయి, పక్కన కిందికి చూసే బాణం గుర్తులు. ఒంట్లో రక్తానికి, నరాలకు కావలసిన విటమిన్లు తక్కువగా ఉన్నాయని అర్థం. బెంగళూరు ఆస్పత్రిలో ఆహారం గురించి చెప్పే మేడమ్ ఒకావిడ ఉంటుంది. ఆవిడ గది లోపలికి కూడా పిలవలేదు, హాల్లోనే పట్టుకుంది. "మాత్రలు వేసుకోవడం లేదు కదా? అబద్ధం చెప్పకండి, రక్తం చెబుతుంది." హాల్లో పాతిక మంది ఉన్నారు. అందరూ నా వైపు, ఆ తర్వాత మా ఆయన వైపు చూశారు.

నిజమే, వేసుకోవడం లేదు. ఒక్కో మాత్ర ఒలవని శెనక్కాయంత ఉంటుంది. మింగితే సగం దారిలో నిలబడుతుంది. మొదట్లో వాంతి వచ్చి మానేశాను, తర్వాత అలవాటుగా మానేశాను. ఆయన చూస్తుండగా నోట్లో వేసుకుని, పెరట్లోకి పోయి కరివేపాకు మొక్క మొదట్లో ఉమ్మేసేదాన్ని. ఆ ఏడు మా కరివేపాకు ఎంత ఏపుగా పెరిగిందంటే వీధిలో వాళ్ళంతా వచ్చి కోసుకుపోయేవాళ్ళు.

ఆరో నెలలో బాణాలు ఇంకొన్ని పెరిగాయి. మళ్ళీ హాలు, మళ్ళీ మేడమ్. తిరుగు ప్రయాణంలో బస్సు టీకి ఆగినప్పుడు మా ఆయన అన్నాడు, "అంతమందిలో మానం తీస్తావు గదే. మంది ముందర ఎప్పుడన్నా ఒక మాట పడినామా మనం?"

ఇంటికి వస్తే మా అత్త. "పొట్ట కోయించుకునే ధైర్యం ఉండాది, మాత్ర మింగే ధైర్యం ల్యా?" అంది. ఆమె అన్న మాటల్లో అబద్ధం ఎప్పుడూ ఉండదు, అదే ఆమెతో వచ్చే కష్టం.

ఏడాది నిండినప్పుడు

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. తూనికల ఆఫీసరు ఏడాదికోసారి తనిఖీకి వచ్చేవాడు. వస్తున్నాడని కబురు తెలియగానే మా మామ త్రాసు విప్పి చింతపండుతో తోమించేవాడు, తూకపు రాళ్ళు కడిగించేవాడు, అరిగిన రాయి ఉంటే లోపల పెట్టి పక్క అంగడి నుంచి కొత్తది తెచ్చి పెట్టేవాడు. ఆఫీసరు ముద్ర వేసి పోయాక కొత్త రాయి పక్క అంగడికి పోయేది, అరిగిన రాయి బయటికి వచ్చేది. ఆయన దొంగ కాదు. అరిగిన రాయితో తూచినా చేత్తో గుప్పెడు కొసరు వేసే మనిషి. కానీ తనిఖీ రోజున మాత్రం అన్నీ నిండుగా కనబడాలి. కాపురానికి వచ్చిన ఇరవై ఏళ్ళలో నేను ఆ ఇంట్లో నేర్చుకున్న మొదటి విద్య అదే.

ఏడాది పరీక్షకు ఇంకా రెండు రోజులున్నాయనగా ఖాజా అన్న దగ్గరికి పోయాను. ఖాజా అన్న మా వీధి చివర క్లినిక్‌లో కాంపౌండరు. డాక్టరు ఉన్నా లేకపోయినా ఊరికి సూది వేసేది ఆయనే. కంబదూరు వైపు నుంచి సేద్యగాళ్ళు బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికే వస్తారు, దుక్కులు మొదలయ్యే ముందు ఒకటి, పంట పోయాక ఒకటి. బలం సూది. అందులో ఉండేది ఆ నరాల విటమినే, ఎర్రగా ఉంటుంది కాబట్టి ఎర్ర సూది అంటారు. వాన రాకపోయినా ఎర్ర సూది దొరుకుతుంది మా దగ్గర.

"ఏమక్కా, ఇంత పొద్దున్నే?"

"బలం సూది ఒకటి ఎయ్యన్నా. ఎర్రది."

"నీరసంగా ఉండాదా?"

"నీరసం గాదు. ఎల్లుండి రక్తం పరీక్ష ఉండాది."

ఖాజా అన్న నవ్వాడు. "ఓహో, పరీక్షకు సదువుకొని పోతాండావా! అయితే ఫస్టు క్లాసే." మంచి మనసుతో నవ్వాడు, మంచి చేత్తో వేశాడు. నొప్పి కూడా తెలియలేదు.

ఈసారి రిపోర్టులో ఆ నరాల విటమిను దగ్గర బాణం పైకి చూస్తోంది. ఉండాల్సిన దానికంటే ఎక్కువ! డాక్టరు చూసి కళ్ళజోడు తీసి నవ్వాడు. "చాలా బాగుంది. ఇది ఎక్కువే ఉంది, దీని మాత్ర ఆపేయండి. మిగిలినవి చాలు." ఒక మాత్ర తగ్గిందని నేను లోపల పండగ చేసుకున్నాను. హాల్లో ఆ మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసి, కొత్తగా వచ్చిన వాళ్ళతో, "ఈ అక్కను చూసి నేర్చుకోండి" అంది. ఆ రోజు బస్టాండులో మా ఆయన అడక్కుండానే రెండు మూరల మల్లెపూలు కొన్నాడు. పెళ్ళయిన కొత్తల్లో కూడా నేను అడిగితేనే కొన్న మనిషి.

తనిఖీ అయిపోయింది, ముద్ర పడింది. మళ్ళీ ఏడాది దాకా మమ్మల్ని అడిగేవాడు లేడు.

రెండో ఏడు

అరవై తొమ్మిది కిలోలకు వచ్చాను. నా పాత రవికల్లో నాలాంటివాళ్ళు ఇద్దరు పట్టేంత. పేరంటాలకు పోతే అందరూ తిప్పి తిప్పి చూసేవాళ్ళు. ఓబులేసు కాటా వైపు చూపించి, "ఇప్పుడు ఎక్కక్కా చూద్దాం" అన్నాడు. ఎక్కాను, షట్టరు పూర్తిగా ఎత్తి.

నాలుగు ముద్దలతో కడుపు నిండిపోయేది. పాలు పడవు, పప్పు బరువు, మేము మాంసం ముట్టం, గుడ్డు ఇంట్లోకి రానివ్వం. తినకపోవడం మా ఇంట్లో గొప్ప కూడా అయింది. శనివారం నేను ఒక పొద్దు ఉంటే మా అత్త, "చూడు, దానికి ఆకలే ల్యా" అని పక్కింటివాళ్ళకు చెప్పేది.

ఆ ఏడు చివర్లో కాలి వేళ్ళలో చీమలు పాకినట్టు ఉండేది. దులిపితే చీమలుండవు. మెట్టెలు బిగుతయ్యాయనుకుని తీసి సాగదీయించాను. పరీక్ష దగ్గర పడింది, మళ్ళీ ఖాజా అన్న, మళ్ళీ ఎర్ర సూది, మళ్ళీ బాణం పైకి. డాక్టరు "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగాడు. వేళ్ళ సంగతి నాలుక చివరి దాకా వచ్చింది. కానీ అంత మంచి రిపోర్టు బల్ల మీద ఉన్నప్పుడు ఒంట్లో బాగాలేదని చెప్పడానికి నాకే సిగ్గేసింది. "ఏమీ లేవు సార్" అన్నాను.

మూడో ఏడు, ఏప్రిల్

మా ఊళ్ళో ఏప్రిల్ ఎండ గురించి చెప్పక్కర్లేదు. ఆ ఎండను వృథా పోనివ్వకూడదని మా అత్త మిద్దె మీద వడియాలు పెట్టిస్తుంది. పాత పంచె పరిచి నేను పిండి పెడుతున్నాను, ఆమె కుండ అందిస్తోంది. మడి వంట కాబట్టి చెప్పులు వేసుకోం. పదకొండయ్యేసరికి సిమెంటు కాలిపోతోంది. మా అత్త ఒక కాలు మీద నుంచి ఇంకో కాలు మీదికి గంతులేస్తూ నీడలోకి పోయింది. నేను పంచె చివర నిలబడి తీరిగ్గా పెడుతున్నాను.

"అబ్బ, ఏం ఓర్పే నీది!" అంది. ఇరవై మూడేళ్ళలో ఆమె నన్ను మెచ్చుకున్నది అదే మొదటిసారి.

నాకూ గర్వంగానే ఉంది. కిందికి దిగుతుంటే మెట్ల మీద తడి అడుగులు పడుతున్నాయి. నీళ్ళు తొక్కానేమో అనుకున్నాను. కూర్చుని కాలు తిప్పి చూస్తే అరికాలు మొత్తం బొబ్బ, అది చితికి చర్మం ఊడి వచ్చింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసి మా అత్త కేక వేసింది. నేను వేయలేదు. ఆ అరికాలు వేరే ఎవరిదో అన్నట్టు చూస్తూ ఉండిపోయాను. అంత భయం నాకు ఆపరేషన్ బల్ల మీద కూడా వేయలేదు.

ఖాజా అన్న ఇంటికే వచ్చి అరుగు మీద కట్టు కట్టాడు. "తెలీలేదా అక్కా? నిజంగా తెలీలేదా?" అని రెండుసార్లు అడిగాడు. నరాలకు మంచిదని ఆ రోజు కూడా ఒక ఎర్ర సూది వేశాడు. మూడో రోజు బెంగళూరు పోయాం, అక్కడే రక్తం తీశారు. విటమిను బాగానే ఉందని వచ్చింది. బాగా లేక ఏమవుతుంది?

నరాల డాక్టరు వేరే ఆయన, పెద్దాయన. కళ్ళు మూసుకోమని నా కాలి బొటనవేలు పట్టుకుని పైకా కిందికా అని అడిగాడు. నేను చెప్పిన ప్రతిదీ తప్పే. పాత రిపోర్టులన్నీ పరిచి చూశాడు. "మొదటి రెండూ తప్ప అన్నీ ఇంత బాగున్నాయి. అయితే ఇది షుగరు వల్లనో, నడుము వల్లనో కావాలి." మళ్ళీ ఏదో అనుమానం వచ్చి, నా మొహం చూసి అడిగాడు: "పరీక్షలకు ముందు విటమిన్ ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా? గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"లేదు సార్" అన్నాను.

ఎందుకన్నానో వంద సార్లు ఆలోచించాను. అబద్ధం చెప్పాలని అనుకోలేదు. తనిఖీవాడు అడిగితే నోరు దానంతట అదే లేదంటుంది, అంతే. మా ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆయన కూడా ఏమీ అనలేదు.

మే నుంచి ఆగస్టు

ఆ ఒక్క "లేదు"కు నాలుగు నెలలు పట్టాయి. నడుముకు స్కానింగు తీశారు. చిన్న అరుగుదల ఏదో కనిపించింది, నా వయసుకు ఎవరికైనా కనిపించేదేనట. బెల్టు కట్టారు. షుగరు మందులు మార్చారు. ఒక ఆస్పత్రి హాలు నుంచి ఇంకో ఆస్పత్రి హాలుకు. టోకెను పట్టుకుని గోడ మీద టీవీ చూస్తూ కూర్చోవడం తప్ప వేరే పని లేదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఏమైందని అడుగుతారు, చెబితే వాళ్ళ పెదనాన్నకు ఇలాగే అయి మంచాన పడ్డాడని చెబుతారు. ధైర్యం చెప్పడమంటే అదే అనుకుంటారు పాపం.

పాదాల మొద్దుతనం మోకాళ్ళ దాకా ఎక్కింది. పరుపు మీద నడిచినట్టు ఉండేది. బజారులో నడుస్తుంటే వెనక నుంచి ఎవరో, "అక్కా, నీ చెప్పు ఈడ పడిపోయింది" అని అరిచారు. వెనక్కి తిరిగి చూస్తే పది అడుగుల దూరంలో నా చెప్పు. ఆ రోజు నుంచి బయటికి పోవడం మానేశాను. జూలైలో చేతి వేళ్ళకూ వచ్చింది. గాజు పగిలితే తెలియలేదు, రవిక గుండీ పెట్టుకోలేకపోయాను. మా అత్త వచ్చి పెట్టింది, ఒక్క మాట కూడా అనకుండా. ఆమె నోరు మూసుకుంటే నా పని అయిపోయిందని అర్థమైంది.

మా ఆయన మాత్రం కనిపించిన ప్రతివాడితో డాక్టర్ల మీద విరుచుకుపడేవాడు. "మూడేండ్లు రిపోర్టులు చూసినారు, ఏం చూసినారప్పా వీళ్ళు? కోర్టుకు ఈడుస్తా" అనేవాడు. నేను లోపల మంచం మీద వింటూ ఉండేదాన్ని.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఖాజా అన్న వచ్చాడు. ఎప్పుడూ గడప దగ్గరి నుంచే మాట్లాడేవాడు, ఆ రోజు లోపలికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీసి నా మంచం మీద పెట్టాడు. దాని మీద నాకు వేసిన ప్రతి సూది పేరు, వేసిన తేదీ రాసి ఉన్నాయి.

"అక్కా, మా డాక్టరును అడిగినా నీ సంగతి. ఆ సూది ఏసినాక పరీక్ష చేస్తే రిపోర్టు నిజం చెప్పదంట. లోపల ఏమీ ల్యాకపోయినా నిండుగా చూపిస్తాదంట. ఈ సూదుల సంగతి బెంగళూరులో చెప్పినారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

"చెప్పండక్కా. నా పేరు చెప్పినా పర్వాలేదు. ఉద్యోగం పోతే పోనీ." ఆయన కాగితంలో మొదటి తేదీ మీద వేలు పెట్టాడు. "నేను నవ్వినా ఆ పొద్దు. సదువుకొని పోతాండావని నవ్వినా."

గుమ్మం దగ్గర మా ఆయన నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. ఇక దాచి లాభం లేదని నేను నోరు తెరిచేలోగా ఆయనే అన్నాడు.

"నాకు తెలుసులే."

"ఏం తెలుసు?" అన్నాను.

"సూదుల సంగతి. మొదటేడే తెలుసు. ఖాజా అన్నే మాటల మధ్యన అనె. రిపోర్టు బాగా వస్తాండాది గదా అని నేనూ గమ్మునుండా."

అంటే ఆ రోజు నరాల డాక్టరు అడిగినప్పుడు ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళం ఇద్దరం ఉన్నాం. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే అబద్ధం చెప్పాం. ఇరవై మూడేళ్ళ కాపురంలో మేము ఇంతగా ఒక్క మాట మీద ఉన్నది ఎప్పుడూ లేదు. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

మర్నాడే బెంగళూరు పోయాం. కాగితం ఇచ్చాను. పెద్దాయన మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తిట్టలేదు. "ఏప్రిల్‌లో ఈ కాగితం ఇచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, పెన్నుకు మూత పెట్టి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇప్పటికీ ఆ వాక్యాన్ని నేనే రోజుకో రకంగా పూర్తి చేసుకుంటూ ఉంటాను. బయట మంచినీళ్ళ ఫిల్టరు దగ్గర మా ఆయన గోడకు మొహం పెట్టుకుని ఏడ్చాడు. ఎవరో కన్నడంలో ఏమైందని అడిగి ఒక గ్లాసు నీళ్ళు పట్టి ఇచ్చారు.

ఆ తర్వాత

సూదులు మొదలయ్యాయి. అవే ఎర్ర సూదులు! మొదట రోజూ, తర్వాత వారానికి, ఇప్పుడు నెలకొకటి. ఊరంతా బలానికి వేయించుకునే సూదినే, నాకు నిజంగా కావలసిన రోజుల్లో నేను దొంగతనంగా వేయించుకున్నాను. ఖాజా అన్నే వేస్తాడు, వేసిన ప్రతిసారీ ఆ కాగితంలో తేదీ రాస్తాడు. ఆయన ఉద్యోగం పోలేదు. ఆయన నవ్వడం మాత్రం తగ్గింది.

చేతులు తిరిగి వచ్చాయి. రవిక గుండీలు నేనే పెట్టుకుంటాను, ఇదంతా రాయగలుగుతున్నాను. కాళ్ళు రాలేదు. ఏడాది దాటింది కాబట్టి ఇక వస్తాయని నేను అనుకోవడం లేదు. మా అత్త మాత్రం అనుకుంటోంది. రోజూ ఆముదం కాచి పాదాలకు రాస్తుంది. ఆమె చేతులు నా పాదాల మీద కదలడం చూస్తాను. చూడటం ఆపితే ఆమె రాస్తోందో లేదో నాకు తెలియదు. బాగుంది అత్తా, అంటాను. ఆమెతో నేను చెప్పే అబద్ధం ఇప్పటికి అదొక్కటే.

ధైర్యంగా ఉండండి, అన్నీ బాగవుతాయి అని రాయాలని నాకూ ఉంది. రాయలేను. కొన్ని బాగవవు. పరీక్ష అంటే తనిఖీ కాదు, అది మనల్ని పట్టుకోవడానికి వచ్చిన ఆఫీసరు కాదు. తక్కువొస్తే తిడతారు, తిట్టనివ్వండి. నేను ఆ పాతిక మంది ముందు సిగ్గుపడటానికి భయపడ్డాను. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు ఇప్పుడు గుర్తు లేదు.

ఒక్క పని మాత్రం చేశాను. పోయినేడు అనంతపురం ల్యాబులో మంజులకు నా కథంతా చెప్పి, "తల్లీ, రక్తం తీసే ముందు ప్రతివాళ్ళనూ అడుగు, సూదులేమన్నా ఏయించుకున్నారా అని. రిపోర్టులోనే రాసి పంపు" అని బతిమాలాను. అప్పటి నుంచి అడుగుతోంది ఆ పిల్ల, మరిచిపోకుండా.

ఈ నెలలో నా ఏడాది పరీక్షకు పోయాం. మా ఆయన నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికర్ర పక్కన పెట్టి, ఆటో సంగతి చూడటానికి బయటికి పోయాడు. పక్కన ఒక చిన్నామె కూర్చుంది, ముప్పై ఏళ్ళుంటాయేమో. రాప్తాడు నుంచి సొంత జీపులో వచ్చారట. నా చేతిలో ఉన్న బెంగళూరు ఆస్పత్రి ఫైలు చూసి కళ్ళు విప్పార్చింది.

"నువ్వు గూడా ఆడేనా అక్కా? నాకు ఆరు నెలలాయ. ముప్పై కిలోలు తగ్గినా!" జాకెట్టు చేతులు వదులుగా ఉండటం చూపించింది. బాగుంది పిల్ల, కళగా ఉంది. "పోయినతూరి అదేదో తక్కువొచ్చిందని డాక్టరు నోటికొచ్చినట్టు తిట్టినాడు. మా ఆయన మూడు దినాలు మాట్లాడల్యా. అందుకే ఈతూరి మొన్ననే మా ఊర్లో బలం సూది ఏయించుకొని వచ్చినా."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఈ పొద్దు రక్తం ఇయ్యొద్దు తల్లీ. ఇంటికి పో. డాక్టరుకు ఫోన్ చేసి సూది సంగతి చెప్పు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు రా. నేనూ ఇట్లనే చేసినా. ఈ కాళ్ళు చూడు."

ఆమె నా కాళ్ళు చూసింది, కర్ర చూసింది. జాలిగా నా చెయ్యి నిమిరింది.

"నీకు షుగరు ఉండాదా అక్కా?"

"ఉండేది."

"దాని వల్ల అయింటాదిలే. నాకు షుగరు ల్యా."

అంతలో ఆమె టోకెను పిలిచారు. లేచి పరదా వెనక్కి పోయింది. నేను లేవాలి. చెప్పులు బెంచీ కిందికి పోయాయి. వంగి చూసి, ఒక పాదాన్ని చూస్తూ చెప్పులో పెట్టాను. రెండోది జారిపోయింది. మళ్ళీ పెట్టాను. కర్ర అందుకునేలోగా పరదా వెనక నుంచి మంజుల గొంతు వినిపించింది.

"ఈ నడుమ సూదులేమన్నా ఏయించుకున్నారా అమ్మా? విటమిన్లు, బలానికి, అట్లాంటివి?"

"లేదు."

ఎంత తొందరగా అందో. అచ్చం నాలాగే.

నేను పరదా దాకా చేరేసరికి ఆమె మోచేయి మడిచి దూది పట్టుకుని బయటికి వస్తోంది. "అయిపాయ అక్కా" అని నవ్వి, పక్కకు జరిగి నాకు దారిచ్చింది. లోపలికి పోయి మంజులకు చెప్పాను. ఆ పిల్ల స్టాండులో ఉన్న ఆమె రక్తం గొట్టాన్ని చూసింది, నన్ను చూసింది.

"లేదనింది గదమ్మా. రాస్కున్నా గూడా. పోయి పిల్చుకొని వస్తా ఉండు" అని బయటికి పరిగెత్తింది. తిరిగి వచ్చేటప్పుడు నడిచే వచ్చింది. "మళ్ళీ లేదనే అంటాదమ్మా" అని నా చేతికి పట్టీ కట్టి, కొత్త సూది విప్పింది.

"మీకు?" అని అడిగింది. "సూదులేమన్నా ఏయించుకున్నారా?"

ఖాజా అన్న రాసిచ్చిన కాగితం తీసి ఇచ్చాను. ఆమె తేదీలన్నీ ఒక్కొక్కటిగా పుస్తకంలోకి ఎక్కించుకుంది. బయట జీపు స్టార్టయి వెళ్ళిపోయింది.